కన్నమ్మ అందించిన నీళ్ళు

చిదంబరయ్యగారు తననెవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేముందు చెప్పులు వేసుకునేవారు. ఆ రోజు అడిగినవాడు వేదాద్రి. కొండమీది జామాయిల్ తోటల్లో పద్దెనిమిదేళ్ళు సూపర్‌వైజరుగా చేసి, ఆ పని మానేసి, మనశ్శాంతి కోసం ఆయన దగ్గర శిష్యుడిగా చేరినవాడు.

ఏటా తొలివానలకు మొక్కల మధ్య గడ్డి మొలవగానే కూలీలచేత కలుపు మందు కొట్టించేవాడు. పెద్ద వాన పడితే ఆ మందు కొండ దిగి వాగులో కలిసేది. చేపలు వెల్లకిలా తేలాయన్న కబురు అతని చెవిన పడకపోలేదు. పైవాళ్ళు రాసిన కాగితం ప్రకారమే చేశాననీ, నీళ్ళలో ఏం కలుస్తోందో తనకు తెలియదనీ గురువుగారితో చెప్పుకున్నాడు.

"తెలియక చేసినదానికి కూడా పాపం ఉంటుందా స్వామీ?"

గురువుగారు చెప్పులు వేసుకుని బయల్దేరారు. వేదాద్రి వెంట నడిచాడు. వాగు పక్కనే రెండు మైళ్ళు దిగి, కోయగూడెంలో సోడె కన్నమ్మ ఇంటి ముందు ఆగారు. ఆవిడ మనవరాలిని ఒళ్ళో వేసుకుని, పిల్ల కాళ్ళమీది పుళ్ళకు పసుపు, నూనె కలిపి రాస్తోంది. రెండేళ్ళుగా మానడం లేదనీ, దిష్టి తీయించాననీ, కోడిని కోసి మొక్కు కూడా తీర్చాననీ చెప్పింది. ఉక్కలో నడిచొచ్చారని పిల్లను చాపమీద దించి, కడవలోంచి చెంబుతో నీళ్ళు ముంచి గురువుగారికి అందించింది.

ఆయన చెంబు ఎత్తారు. వేదాద్రి చటుక్కున ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు స్వామీ. అవి వాగు నీళ్ళు."

కన్నమ్మ ఆ చేతికేసి చూసింది. తర్వాత చాపమీది పిల్లకేసి చూసింది. గొంతు పెంచకుండానే అడిగింది.

"తాగొద్దని మీకెవరు చెప్పిండ్రు సారూ? మాకెవరూ చెప్పలే."

వేదాద్రి ఆయన మణికట్టు వదిలేశాడు. తల వంచుకుని గూడెం దాటి వచ్చేశాడు. గురువుగారు కర్ర ఊతంతో మెల్లగా వచ్చి కలుసుకున్నాక, కంపెనీకి ఉత్తరం రాస్తాననీ, కలెక్టరుకు అర్జీ పెడతాననీ, ఈ పాపం కడుక్కునే దాకా అన్నం ముట్టననీ గబగబా చెప్పుకుపోయాడు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు.

చిదంబరయ్యగారు ఆ ఏడుపు అయ్యేదాకా ఆగారు.

"అవన్నీ తర్వాత. ఆవిడ అడిగినదానికి బదులు చెప్పకుండానే వచ్చేశావు. వెనక్కి వెళ్ళు, పిల్లకి దాహం వేసే వేళయింది" అన్నారు.