ఎవరూ లెక్క అడగని శుక్రవారం

కొల్లి సత్యవేణి, నలభై ఒక్కేళ్ళు. ఏ కాగితమైనా చివరి పేజీ మాత్రం చూసి సంతకం పెట్టడం ఆమెకు అలవాటు. పార్లమెంటుకు కొత్తగా గెలిచి, రొయ్యల షెడ్లలో పనిచేసే ఆడవాళ్ళకు ప్రసూతి సెలవు కోరుతూ సొంతంగా ఒక బిల్లు తయారుచేసుకుంది. సభలో ముప్పై ఏళ్ళు ప్రసంగాలు రాసుకుని రిటైరైన రిపోర్టరు సుభాషిణమ్మ దగ్గరికి పాఠాలకు వెళ్ళేది. ఒకరోజు సత్యవేణి నిబంధనల పుస్తకాన్ని పక్కకు నెట్టేసింది.

"మూడొందల మంది మాటిచ్చారమ్మా. ఇంకా ఈ పుస్తకం ఎందుకు?"

సుభాషిణమ్మ వాదించలేదు. ఒక శుక్రవారం సంగతి చెప్పింది.

సభ్యులు సొంతంగా పెట్టే బిల్లులకు శుక్రవారం మధ్యాహ్నమే సమయం. ఆ మధ్యాహ్నం సభలో పన్నెండు మంది ఉన్నారు. సభ్యుల్లో పదోవంతైనా లేకపోతే సభ సాగకూడదు. కానీ లెక్కపెట్టమని ఎవరైనా అడగాలి. ఎవరూ అడగలేదు. మేరీ సుగుణ అనే సభ్యురాలు, ఇళ్ళల్లో పాచిపని చేసే ఆడవాళ్ళకు వారానికో సెలవు ఇవ్వాలని బిల్లు పెట్టి అరగంట మాట్లాడింది. అధ్యక్షుడు "అవుననేవాళ్ళు?" అన్నాడు. తొమ్మిది గొంతులు పలికాయి. "కాదనేవాళ్ళు?"

ఎదురు వరసలో ఉన్న ముగ్గురూ నోరు తెరవలేదు. అయినా 'కాదు' వచ్చింది. ఖాళీ బెంచీల మీంచి, వందల గొంతులతో, భోజనం చేసి కాస్త కునుకు తీసిన మగవాళ్ళ తీరికతో వచ్చింది. సుభాషిణమ్మ ముందున్న గ్లాసులో నీళ్ళు కదిలాయి.

"కాదన్నవారిదే గెలుపు," అన్నాడు అధ్యక్షుడు కళ్ళజోడు తుడుచుకుంటూ.

సుగుణ సగం లేచింది. తలలు లెక్కించమంటే పన్నెండే తేలతాయి. సభ ఆగిపోతుంది, మళ్ళీ ఆమె వంతు ఎప్పుడొస్తుందో తెలియదు. అడగకపోతే బిల్లు అక్కడికక్కడే చచ్చినట్టే. అలా సగం లేచే కాసేపు ఉండి, కూర్చుంది.

"మరి మీరేం రాశారు?" అంది సత్యవేణి.

"విన్నదే రాశాను. సభ తిరస్కరించింది."

సత్యవేణి నవ్వబోయింది. "ఏంటమ్మా, దయ్యాలా?"

"దయ్యాలైతే వేపమండలతో పోయేవి తల్లీ. ఆ గొంతులు నేను రోజూ రాసుకునేవే. సుగుణకు మాటిచ్చినవాళ్ళవి."

తనకు మాటిచ్చిన మూడొందల గొంతులు తలుచుకుని సత్యవేణి తన బిల్లు వెనక్కి తీసుకుంది. మూడేళ్ళకు ఉపసభాపతి అయింది. శుక్రవారాలు సభను ఆమే నడిపింది. ఖాళీ బెంచీలు 'కాదు' అన్నా, ఒక్కసారి కూడా తలలు లెక్కపెట్టించలేదు.