కొండ మీది బడి, అనుమానపు రాజు

ఎప్పటి మాటో ఇది. గ్రీకు దేశంలో, సముద్రపు ఒడ్డున, కొరీసా అనే పట్టణం ఉండేది. క్రేటాసు అనే రాజు దాన్ని ఏలేవాడు. ఆయనకు అందరి మీదా అనుమానమే. వంటవాడు రుచి చూడనిదే ముద్ద ముట్టేవాడు కాదు. ఎవరైనా నవ్వుతూ దండం పెడితే, ఎందుకు నవ్వాడో కనుక్కోమని వేగులను పంపేవాడు.

ఆ పట్టణంలో పూర్వం థియోక్లీసు అనే తత్వవేత్త ఉండేవాడు. ఆయన పోయి నలభై ఏళ్ళయినా ఊరంతా ఆయన్నే తలుచుకునేది. కొండ మీద ఆయన పెట్టిన బడిలో పిల్లలు ఇంకా చదువుకుంటూనే ఉన్నారు.

రాజుకు అదీ అనుమానమే అయింది.

"పోయినవాణ్ణి ఇన్నేళ్ళు ఊరికే ఎవరూ తలుచుకోరు. ఇందులో ఏదో కుట్ర ఉంది. ఆయన్ను ఎరిగినవాళ్ళు వచ్చి చెప్పండి. నాకు నమ్మకం కుదరకపోతే బడిని పడగొట్టిస్తాను" అని చాటింపు వేయించాడు.

మొదట ఒక పండితుడు వచ్చాడు.

"ప్రభూ, థియోక్లీసు నోట జన్మలో ఒక్క తప్పు మాట రాలేదు."

"అలాంటి మనిషిని నేను చూడలేదు. నువ్వూ చూసి ఉండవు" అని రాజు పంపేశాడు.

తర్వాత ఓడల వర్తకుడు వచ్చాడు.

"ఆయన మాట్లాడుతుంటే అలలు ఆగిపోయేవి, ప్రభూ."

"ఆ అలలు ఆగడం నువ్వు కళ్ళారా చూశావా?"

వర్తకుడు మెల్లగా వెనక్కి జారుకున్నాడు.

చివరికి మెలీటా అనే ముసలమ్మ వచ్చింది. వలలు అల్లుకుని బతికే మనిషి.

"నువ్వూ పొగడడానికే వచ్చావా, అవ్వా?"

"లేదు ప్రభూ. ఆయన ఒట్టి కోపిష్టి. ఒడ్డున ఖాళీ పీత పెంకు కనిపిస్తే పీత చచ్చిందని అన్నాడు. కాదయ్యా, పాత పెంకు వదిలేసి బతికే ఉంటుందని నేనన్నాను. చేపల బజారులో అందరి ముందూ నన్ను వెక్కిరించాడు."

"తర్వాత?"

"తొట్టెలో పీతను పెట్టుకుని రోజూ చూశాడట. అది పాత పెంకు విడిచి బతికే ఉండడం చూసి, ఒకనాడు అదే బజారుకు వచ్చి, 'నాది తప్పు, మెలీటా చెప్పిందే నిజం' అని అందరికీ వినబడేలా అన్నాడు. అంత చదివినవాడు నా పేరు పెట్టి చెప్పాడు ప్రభూ."

రాజు ఆమెను తేరిపార చూశాడు. ఈమెను ఎవరో పంపి ఉంటారనిపించింది.

"ఒక పని చెయ్యి. ఆయన ఏనాడూ తప్పు చెప్పలేదని ఒట్టు వెయ్యి. బడి జోలికి పోను."

ముసలమ్మ మనవరాలు చదివేది ఆ బడిలోనే. అయినా ఆమె తల అడ్డంగా ఊపింది.

"వెయ్యలేను ప్రభూ. అబద్ధంతో బడి నిలిస్తే, అది ఆయన బడి కాదు."

ఎవరో పంపిన మనిషే అయితే ఒట్టు వేసి బడిని కాపాడుకునేదని రాజుకు తోచింది.

"బడిని ముట్టుకోవద్దు" అన్నాడు చివరికి. "అనుమానించి తప్పు చేశాను. ఊళ్ళో అందరికీ ఇదే మాట చాటింపు వేయండి."

పొగడ్తలతో పెరిగిన పేరు పొగడ్తలతోనే పోతుంది; తన తప్పును నలుగురిలో ఒప్పుకున్నవాడి పేరు కలకాలం నిలుస్తుంది.