ఒక పూట దేవుడైన రాజు

పడమట రోము చక్రవర్తి, తూర్పున పారశీక చక్రవర్తి. ఆ ఇద్దరి నడుమ, ఎడారి అంచున, హమ్రాన్ అనే చిన్న రాజ్యం ఒకటి ఉండేది. క్రైస్తవం అప్పుడప్పుడే ఇళ్ళ చాటున, సందుల్లో తలెత్తుతున్న కాలం. ఇస్లాం పుట్టడానికి ఇంకా కొన్ని వందల ఏళ్ళున్నాయి.

హమ్రాన్‌ను ఏలే జబ్దీలు చెడ్డవాడేమీ కాదు కాని, డాబు మనిషి. ఒకసారి రోము వారి నగరానికి వెళ్ళి, అక్కడి జనం చక్రవర్తి విగ్రహం ముందు సాంబ్రాణి వేసి మొక్కడం చూశాడు. తిరిగి వచ్చేసరికి, తాను కూడా దేవుణ్ణే అన్న అనుమానం ఆయనలో బాగా ముదిరిపోయింది.

వెంటనే శిల్పిని పిలిపించి తన విగ్రహం చెక్కించాడు. ముక్కు పొడవుగా ఉందని చెప్పి అరగదీయించాడు. ఆ తరువాత దండోరా వేయించాడు: "ప్రతివాళ్ళూ వచ్చి చిటికెడు సాంబ్రాణి వేసి, నువ్వే నా దేవుడివి అనాలి."

జనం వచ్చారు, అన్నారు, వెళ్ళిపోయారు. ఊళ్ళో అప్పటికే బోలెడుమంది దేవుళ్ళున్నారు. ఇంకొకడు వాళ్ళకు బరువు కాలేదు.

కుమ్మరి సందులోని కొద్దిమంది క్రైస్తవులు మాత్రం రాలేదు. భటులు వాళ్ళను సభకు తీసుకొచ్చారు. అందరి తరఫునా మార్తా అనే రొట్టెలమ్మే వితంతువు మాట్లాడింది.

"మీరు మా రాజు, ప్రభూ. మీ ఆజ్ఞ ఏదైనా తలమీద పెట్టుకుంటాం. దేవుడు మాత్రం మాకు ఒక్కడే. ఆ మాట ఇంకొకరితో అనలేం."

రాజు ముఖం కందగడ్డ అయింది. "వీళ్ళను కోట బయటికి, ఎడారిలోకి తరిమేయండి" అన్నాడు.

ఆస్థానంలో మొఖీము అనే విదూషకుడుండేవాడు. రాజును నవ్వించడమే అతని కొలువు. ఆ మాటకు మాత్రం అతనికే నవ్వు రాలేదు. నీళ్ళు లేని ఆ ఇసుకలోకి ముసలివాళ్ళతో, పసిబిడ్డలతో వెళ్ళినవాళ్ళు తిరిగి రారు.

అతను లేచి వంగి నమస్కరించాడు. "ప్రభూ, తరిమేయడం రాజులు చేసే పని. మీరిప్పుడు దేవుడు. దేవుడు గుడిలో కూర్చుని, చూపుతోనే శిక్షించాలి. రేపు ఒక్క పూట గద్దె మీద కొలువుండండి. ఊరంతా మొక్కుతుంది. చివర వీళ్ళను పిలిపించి, అందరిముందూ మీ మహిమ చూపించండి."

రాజుకు ఆ ఆలోచన తేనెలా అనిపించింది. వాళ్ళను అప్పటికి ఇళ్ళకు పంపేశాడు.

మర్నాడు పొద్దున్నే ఊరి గుడిలో గద్దె ఎక్కాడు. పూజారి యర్హాయి నియమాలు చెప్పాడు. "దేవుడు భోజనం చేయకూడదు. పొగ పీల్చి తృప్తి పడాలి. కదలకూడదు. ఎక్కడ దురద పెట్టినా గోక్కోకూడదు."

"ఓస్, ఇంతేనా" అన్నాడు రాజు.

జనం బారులు తీరారు. ఒక ముసలమ్మ నోరు తెరిచి, ఏ పన్ను సలుపుతోందో దగ్గరికొచ్చి మరీ చూపించింది. ఒక వర్తకుడు మేకను తెచ్చి, పక్క దుకాణం కాలిపోవాలని మొక్కుకున్నాడు. అతని వెనకాలే పక్క దుకాణంవాడు ఇంకా లావైన మేకను తెచ్చాడు. ఒక రైతు చేతులు జోడించి, "మా రాజు పన్నులతో పీడిస్తున్నాడు, వాడికి కాస్త బుద్ధి ప్రసాదించు స్వామీ" అన్నాడు. రాజు పళ్ళు కొరికాడు కాని, దేవుడు గనుక మాట్లాడలేదు.

మధ్యాహ్నానికి సాంబ్రాణి పొగకు కళ్ళు మండుతున్నాయి. కడుపు నకనకలాడుతోంది. ముక్కు మీద ఈగ వాలింది. అప్పుడు గొర్రెలకాపరులు తాళ్ళు పట్టుకుని లోపలికొచ్చారు.

"ఈ తాళ్ళెందుకు?" అని రాజు పెదవులు కదపకుండా మొఖీమును అడిగాడు.

"ఈ గుడి ఆచారం, స్వామీ. వాన కురిపించని దేవుణ్ణి కట్టి ఎండలో నిలబెడతారు."

"ఎంతసేపు?"

"కురిసేదాకా."

రాజు కాపరుల వైపు ఓరకంట చూశాడు. "ఏదైనా చెయ్యి" అని గొణిగాడు.

మొఖీము కాపరులను ఆపి, "ఇంకా మొక్కవలసినవాళ్ళున్నారు" అంటూ కుమ్మరి సందువాళ్ళను పిలిపించాడు. మార్తాను పొయ్యి దగ్గరనుంచే లాక్కొచ్చారు. చేతిలో రొట్టెల బుట్ట అలాగే ఉంది.

"ఈ దేవుణ్ణి ఏం కోరుకుంటావమ్మా?" అన్నాడు మొఖీము.

"ఏమీ వద్దయ్యా. రాజుగారికి ఆయుష్షూ న్యాయబుద్ధీ ఇవ్వమని మా దేవుణ్ణి రోజూ అడుగుతూనే ఉన్నాం. ఇవాళ కూడా అడిగాను." ఆమె తలెత్తి రాజు ముఖం చూసింది. "ప్రభువులు పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేదే" అని బుట్టలోంచి ఒక రొట్టె తీసి చాపింది.

రాజు చెయ్యి తనంతట తానే ముందుకు కదిలింది.

"కాస్త ఆలోచించండి, ప్రభూ" అన్నాడు మొఖీము మెల్లగా. "దేవుడైతే ఈ రొట్టె తినకూడదు. మనిషైతే తినవచ్చు. ఇంకొక మాట. పొద్దున్నుంచీ ఇంతమంది మిమ్మల్ని వేడుకున్నారు. మీ కోసం వేడుకున్నది ఈమె ఒక్కతే. ఈమెను ఎడారికి పంపితే, మీ గురించి పైవాడికి చెప్పేవాళ్ళెవరూ ఊళ్ళో మిగలరు."

రాజు రొట్టె వైపు చూశాడు. తాళ్ళ వైపు చూశాడు. తరువాత గద్దె దిగి, నేలమీద చతికిలబడి, ఆ రొట్టెను ఒక్క ముక్క కూడా మిగల్చకుండా తిన్నాడు. ముక్కు తృప్తిగా గోక్కున్నాడు.

"మార్తా, మీ ఇళ్ళకు మీరు వెళ్ళండి. ఇక మీ ప్రార్థన జోలికి ఎవరూ రారు" అన్నాడు. విగ్రహాన్ని తీసేయమని భటులకు చెప్పాడు. కాపరులు నిరాశగా తాళ్ళు చుట్టుకున్నారు.

రాజు తన పట్టు శాలువ తీసి మొఖీము భుజాన వేశాడు. "ఇది చాలదు. ఇంకేమైనా కోరుకో."

"రేపు కోరుకుంటాను, ప్రభూ" అన్నాడు మొఖీము. "ఈ రోజుకు మీరు విన్న కోరికలు చాలు."

జబ్దీలు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుకు గుడి చూరులోని పావురాలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి.