రాజుగారి కర్రకు లొంగని ఐమూల

దగ్గరికి జరగండర్రా. ఆ వెనక నిలబడ్డ పిల్లలూ, మీరూ రండి, చోటుంది. కూర్చున్నారా? వినండి మరి.

ఒకానొక రాజ్యం, దాని పేరు మానగిరి. రాజు మేరుభూపాలుడు. ఆయన చేతిలో ఎప్పుడూ కొనకు వెండి పొన్ను తొడిగిన కర్ర ఒకటి, నాలుగు మూరలది. "నా కర్ర కొలవలేనిది లోకంలో లేదు" అనేవాడు. అని ఊరుకున్నా బాగుండేది. ఊరూరా చేలు కొలిపించి, నిండు కర్రలు రైతుకు వదిలి, చివరి ముక్కను 'మిగులు' అని తన భూమిలో కలుపుకోసాగాడు.

వడ్రంగి కూతురు తవిటమ్మ చేను ఏడు కర్రల మీద మూడు మూరలు తేలింది. ఆ మూడు మూరల్లోనే ఆమె నుయ్యి ఉంది. నుయ్యి పోతే చేను ఎండినట్టే. తవిటమ్మ ఏడవలేదు. కొంగు బిగించి, తండ్రి రంపం చంకన పెట్టుకుని తిన్నగా కొలువుకు పోయింది.

"ప్రభూ, మీ కర్ర కొలవలేనిది మీ కిందే ఉంది" అంది.

ఆస్థాన గణకుడు సింగనభట్టు ఎగిరి లేచాడు. "ఓసీ, ఏం కూతే అది! ప్రభువుల గద్దె ఈ పక్క ఒక కర్ర, ఆ పక్క ఒక కర్ర. నేనే దగ్గరుండి కట్టించాను!"

"పక్కలు సరే పంతులుగారూ. ఐమూల కొలిచారా? ఈ మూల నుంచి ఎదుటి మూలకు?"

"అదెంత? కర్రనూ ఐమూలనూ పక్కపక్కన వరసగా కొలుచుకుపోతే ఎక్కడో ఒకచోట రెండూ కలుస్తాయి."

"కలిస్తే నా చేనంతా తీసుకోండి. కలవకపోతే ఎవరి మిగులు వాళ్ళకిచ్చెయ్యండి."

రాజు మీసం దువ్వాడు. "ఒప్పుకున్నాం. కానీ చాలని నేననే దాకా కొలవాలి."

తవిటమ్మ గద్దె మూల నుంచి మూలకు సరిగ్గా ఒక వెదురు కోసింది. కోట ముంగిట్లో ఒకేచోట మొదలుపెట్టి, రాజుగారి కర్ర పడినచోటల్లా సున్నపు గీత, వెదురు పడినచోటల్లా ఎర్రటి జాజు గీత గీశారు. బంటు రెండు రంగులకూ కలిపి ఒకే వరసలో అంకెలు అరుస్తున్నాడు.

"ఒకటి తెలుపు! రెండు ఎరుపు! మూడు తెలుపు! నాలుగు ఎరుపు! ఐదు తెలుపు! ఆరూ తెలుపే! ఏడు ఎరుపు!"

ఏ రంగుకారంగు లెక్కేస్తే, ఐదో ఎర్రగీత ఏడో తెల్లగీతను ఏడు వేళ్ళ మందం దాటి పడింది. పన్నెండో ఎరుపు, పదిహేడో తెలుపుకి మూడు వేళ్ళు ఇవతలే ఆగింది.

"చూశారా! ఇందాక దాటింది, ఇప్పుడు వెనకబడింది. ఇంక కలవక చస్తుందా?" అన్నాడు భట్టు.

"దాటడం, వెనకబడటం దానికి అలవాటే పంతులుగారూ. కలవడమే అలవాటు లేదు."

ఎండ నడినెత్తికొచ్చింది. డెబ్భయ్యో ఎరుపు, తొంభైతొమ్మిదో తెలుపు పక్కన పడగానే "కలిసింది!" అని కేకేశాడు భట్టు. రాజు పరుగున వచ్చి బోర్లా పడుకుని నేలకు కన్నానించాడు. కిరీటం దొర్లిపోయింది. తవిటమ్మ వంగి, రెండు గీతల నడుమ గడ్డిపరక ఒకటి పెట్టింది. పట్టింది. అరవేలు సందు.

"ఏడాది కొలిచినా ఇంతే ప్రభూ. సందు ఇంకా సన్నబడుతుంది గానీ మూసుకోదు. మా వడ్రంగులకిది తాతల నాటి మాట. వరసలో ప్రతి గీతకూ తన అంకె ఉంది, ఒకదాని చోటు ఇంకోదానికి రాలేదు. మీ కర్రకు సరిపడనంత మాత్రాన నా ఎర్రగీత మిగులైపోతుందా? అరవేలు కోసం మీరే నేల మీద పడ్డారు. మూడు మూరల కోసం నేను నిలబడితే తప్పా?"

పడుకున్న రాజు వీపు మెల్లగా కదిలింది. ఏడుపేమో అనుకున్నారు కొలువువాళ్ళు. నవ్వు! లేచి దుమ్ము దులుపుకుంటూ కూడా నవ్వుతూనే ఉన్నాడు.

"చాలు! ఎవరి నేల వాళ్ళకిచ్చెయ్యండి. తవిటమ్మా, నీకేం కావాలో అడుగు."

"ఆ కర్ర ఇప్పించండి ప్రభూ."

ఇచ్చాడు. పొన్ను ఊడదీసి రాజుకే తిరిగిచ్చి, మిగతాది అక్కడికక్కడే రంపంతో కోసింది. ఆ ముక్కే ఆమె నూతి గిలకకు ఇరుసయింది.

ఇక లేవండి, పొద్దుపోయింది. ఇంట్లో కంచాలు పెట్టేసి ఉంటారు. చదరం పీట దొరికినవాళ్ళు దాని ఐమూల ఒకసారి కొలిచి, అప్పుడు కూర్చుని అన్నం తినండి.