పదిహేడో మలుపు పేరు

మా ఆరోగ్య కేంద్రంలో బండ్లు నడపడం నేర్పే భీమన్న మాస్టారు కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజు బండి తాళం ఇవ్వరు. ఎర్రగొండి ఘాటు మొదట్లో నిలబెట్టి, పైదాకా నడిపిస్తారు. మొత్తం ఇరవై మూడు మలుపులు. ప్రతి మలుపు దగ్గరా ఆగి, బండరాయి మీద సున్నంతో రాసిన పేరు చూపించి, ఆ మనిషి అక్కడ బండి మీద నుంచి ఎలా పడ్డాడో చెబుతారు. "ఇది కిల్లో డొంబురు మలుపు. వాన మొదలైన పావుగంటలో, రోడ్డు మీద జిడ్డు ఇంకా కడుక్కుపోకముందే, ముందు బ్రేకు నొక్కాడు. భుజం ఎముక విరిగింది." ఇంకో నాలుగు అడుగులు వేశాక, "ఇది పోస్టు కామరాజు మలుపు. మేకను తప్పించబోయి మేకనే చూస్తూ పోయాడు. బండి కూడా అటే పోయింది. మేకకేం కాలేదు."

మూడో మలుపు మాస్టారిదే. ఆయన కుడి మోకాలు ఆనాటి నుంచి పూర్తిగా ముడుచుకోదు. ఆరోది నాది. నేను కొండ కిందున్న ఆ కేంద్రంలోనే మందులిచ్చే ఉద్యోగిని. టీకాల పెట్టె బండికి ఒక పక్కనే కట్టి, రెండో పక్క ఏమీ కట్టకుండా బయల్దేరిన మహానుభావుణ్ణి. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. నా తరవాత ఆ పెట్టెను ఎవరూ ఒక పక్కనే కట్టలేదు. పొలం ఉన్నవాళ్లు వచ్చిన చుట్టానికి పొలం చూపించినట్టు, మా వాళ్లు మలుపు చూపిస్తారు. మా అల్లుడికి కూడా నా మలుపు చూపించాను.

ఈ ఏడాది మాకు మంచం బండ్లు వచ్చాయి. మామూలు మోటారు సైకిలే, కాని ఎడమ పక్కన ఇంకో చక్రం, ఆ చక్రం మీద మనిషి పడుకునే మంచం, పైన గుడ్డ కప్పు. జీపు ఎక్కలేని పై ఊళ్ల నుంచి ఇన్నాళ్లూ డోలీ కట్టి మోసుకొచ్చిన రోగుల్ని ఇక వీటి మీద దించాలి. నడపడానికి నలుగురిని తీసుకున్నారు. వాళ్లలో వంతాల సన్నిబాబు అందరికంటే చెయ్యి తిరిగినవాడు. పన్నెండేళ్లుగా అదే ఘాటులో బండి నడుపుతున్నాడు, ఒక్కసారీ పడలేదు. ఆ సంగతి అడక్కుండానే చెబుతాడు, అడిగితే ఇంకోసారి చెబుతాడు.

మొదటి రోజు నడకలో పదిహేడో మలుపు దగ్గర మాత్రం బండరాయి ఖాళీగా కనిపించింది. దిగేటప్పుడు ఎడమకు తిరుగుతుంది, ఎవరినీ ఏమీ అనని మలుపు. సన్నిబాబు ఆ రాయి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"మాస్టారూ, పడినోళ్ల పేర్లన్నీ రాసినారు. బాగానే ఉంది. ఒక్కసారీ పడనోడి పేరు ఎక్కడ రాస్తారండి? ఈ రాయి ఖాళీయే కదా, నా పేరు రాసేయండి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మాస్టారు మాత్రం నవ్వకుండా, "మంచి ప్రశ్నే అడిగావు. ఉండు, చెబుతాను," అని ముందుకు నడిచారు. చెప్పలేదు. నెల్లాళ్లు గడిచినా చెప్పలేదు.

ఆ నెల్లాళ్లూ కేంద్రం ముందున్న మైదానంలో సాధన జరిగింది. ఒకరు నడిపితే ఇంకొకరు రోగిలా మంచంలో పడుకునేవారు. కొర్రా సుమిత్ర అనే అమ్మాయి నాలుగుసార్లు బురదలో దొర్లింది. దొర్లిన ప్రతిసారీ పుస్తకం తెచ్చుకుని ఎందుకు దొర్లిందో రాసుకునేది. అంతకు ముందు ఆమె మోపెడ్ కూడా నడపలేదు. సన్నిబాబు ఆమెను చూసి, "పుస్తకం అయిపోతే సెప్పు, ఇంకోటి కొనిస్తాను," అనేవాడు.

తరవాత ఒక శనివారం సన్నిబాబు కంటి ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన్ని పై ఊళ్లో దించి తిరిగొచ్చాడు. బండి అద్దం కడ్డీ వంగిపోయి ఉంది. ఏమైందని అడిగితే, "సంతలో ఎద్దు రాసుకుందండి," అన్నాడు. మాస్టారు కుడివైపు బ్రేకు కడ్డీలో ఇరుక్కున్న చిన్న కొమ్మను లాగి చూశారు. దానికి రెండు పచ్చి కాఫీకాయలు ఉన్నాయి.

"కాఫీ తోటల్లో తిరిగే ఎద్దు అన్నమాట," అన్నారు. ఆ తరవాత గొంతు తగ్గించి, "ఎక్కడో చెప్పాలనిపిస్తే సోమవారం దాకా ఆగకు," అన్నారు.

సోమవారం పొద్దున అందరూ కూర్చుని, ఆ వారం ఎవరు ఎక్కడ పడ్డారో చెప్పుకోవడం మాకు అలవాటు. ఆ సోమవారానికి ఇంకో విశేషం కూడా ఉంది. ఒక్క ప్రమాదం కూడా చెయ్యనివాడికి మొదటి బండి ఇచ్చి, మిగతా ముగ్గురికీ పెద్దను చెయ్యమని పైనుంచి కాగితం వచ్చింది. మాస్టారు నలుగురినీ వరసగా అడిగారు. సన్నిబాబు వంతు వచ్చేసరికి అతను నేల చూస్తూ, "ఏటీ లేదండి," అన్నాడు. మాస్టారు మొదటి బండి తాళం అతని చేతిలో పెట్టారు. అందరం చప్పట్లు కొట్టాం. చప్పట్లు కొడుతున్నంతసేపూ అతను తల ఎత్తలేదు.

ఎనిమిది గంటలకు సుమిత్ర బయల్దేరింది. మైదానం దాటి ఘాటు ఎక్కడం ఆమెకు అదే మొదటిసారి. ఇంటికి చేర్చాల్సిన పై ఊరి బాలింతనూ పసిబిడ్డనూ మంచంలో జాగ్రత్తగా పడుకోబెట్టుకుని, హారను కొట్టుకుంటూ వెళ్లింది.

తొమ్మిదిన్నరకు నేను మాత్రలు లెక్కబెట్టి పొట్లాలు కడుతున్నాను. సన్నిబాబు లోపలికి వచ్చి, మాస్టారి బల్ల మీద తాళం పెట్టాడు.

"ఎద్దు కాదు మాస్టారూ. నేను పడ్డాను."

"ఎక్కడ?"

"పదిహేడు కాడ. ఎల్లేటప్పుడు బాగానే ఉంది. దిగేటప్పుడు మంచం ఖాళీ. నేను ఎప్పట్లాగే వేగంగా వచ్చి ఎడమకి వాల్చబోయినాను. బండి వాల్లేదు. మంచం కింద చక్రం గాల్లోకి లేచిపోయింది. కుడిపక్క కాఫీ మొక్కల్లో పడ్డాను. మొక్కలు లేకపోతే లోయేనండి." అతను కిటికీలోంచి ఘాటు వైపు చూశాడు. "సుమిత్ర ఇప్పుడు ఖాళీ మంచంతోనే దిగుద్ది."

మాస్టారు అప్పటికే లేచి నిలబడ్డారు. మైదానంలో మేం నేర్పిన నెల్లాళ్లూ మంచంలో ఎవరో ఒకరు పడుకునే ఉన్నారు. ఖాళీ మంచంతో బండి ఎలా తిరుగుతుందో ఒక్కరికీ చూపించలేదు. ఆ మాట ఆయనకూ నాకూ ఒకేసారి తట్టింది, ఆయన ముఖం చూస్తే తెలిసిపోయింది. పై ఊళ్లో ఫోను పలకదు.

"ఈ తాళం..." అన్నాడు సన్నిబాబు.

"తాళం సంగతి తరవాత. బండి తియ్యి," అన్నారు మాస్టారు.

సన్నిబాబు నడిపాడు. వెనక మాస్టారు కూర్చున్నారు, ఒళ్లో సున్నం డబ్బా. మంచంలో నేను. నన్నెందుకు ఎక్కించుకున్నారని అడగలేదు, నా పొట్ట చూసినవాళ్లెవరూ అడగరు. అంత భయంలోనూ అతను ఒక్క మలుపులోనూ తొందరపడలేదు. డొంబురు మలుపులో, కామరాజు మలుపులో, నా మలుపులో, ఎక్కడ ఎలా తిరగాలో అలాగే తిరిగాడు. వాళ్లు పడ్డారని వాళ్లే చెప్పబట్టి కదా ఇతను పన్నెండేళ్లు పడలేదని మంచంలో పడుకుని నాకు తోచింది. అంతకు ముందు ఎన్నడూ తోచలేదు.

పదిహేడు దగ్గరికి చేరేసరికి పైనుంచి బండి చప్పుడు వినిపిస్తోంది. సన్నిబాబు బండి ఆపి, రోడ్డు పక్కనున్న పెద్ద రాయిని రెండు చేతులా ఎత్తి పొట్టకు ఆనించుకుని, పైకి పరుగెత్తాడు. నేను వెనకాల చిన్న రాయి పట్టుకుని రొప్పుతూ నడిచాను. సుమిత్ర మమ్మల్ని చూసి బండి ఆపింది.

"ఏటన్నా, రాయి మోసుకొస్తున్నావు?"

"ఖాళీ మంచంతో ఈ మలుపు దిగకు. చక్రం లేచిపోద్ది. బరువు పెట్టుకుని, మలుపుకి ముందే వేగం తగ్గించు." అతను రాయిని మంచంలో పెట్టి తాడుతో కట్టాడు. "శనివారం నేను ఇక్కడే పడ్డాను."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "మరి పొద్దున సెప్పలేదేటి?"

"పొద్దున సెప్పలేదు. తప్పే. ఇప్పుడు సెబుతున్నాను."

ఆ మాట అతను తల ఎత్తి, ఆమె కళ్లలోకి చూసి అన్నాడు. పన్నెండేళ్ల గొప్ప పోయిందన్న బాధ ఏ కోశానా కనిపించలేదు. అతను మా వాడని నాకు గర్వంగా అనిపించింది, ఆ మాట దాచుకోవలసిన పని లేదు.

రాళ్లెందుకు, నేనే మంచంలో కూర్చుంటానని సుమిత్రతో అన్నాను. మాస్టారు కిందనుంచే విని, "రేపు నువ్వుండవు, రాళ్లుంటాయి," అన్నారు. ఆ తరవాత సున్నం డబ్బా మూత తీసి, కుంచె సన్నిబాబుకు అందించారు.

"నేనే రాయాలాండి?"

"నీ మలుపు. ఇంకెవరు రాస్తారు? కింద నా పేరు కూడా చిన్నగా రాయి. ఖాళీ మంచం నేర్పనివాణ్ణి నేను."

సన్నిబాబు బండరాయి ముందు మోకాళ్ల మీద కూర్చుని రాశాడు. వంతాల సన్నిబాబు మలుపు. ఘాటులో ఏ పేరూ అంత పెద్ద అక్షరాలతో లేదు, ఎక్కణ్ణుంచి చూసినా కనబడేంతగా రాశాడు. మాస్టారి పేరు కూడా చిన్నగా ఏమీ రాయలేదు. లేచి, సున్నం అంటిన చేతులు పంట్లాముకు తుడుచుకుని, రెండడుగులు వెనక్కి వేసి తన పేరు చూసుకున్నాడు.

సుమిత్ర ఆ పేరు చదువుకుని, వేగం బాగా తగ్గించి మలుపులోకి వచ్చింది. మంచం కింద చక్రం రోడ్డును వదల్లేదు. మా ముందు నుంచి వెళ్తూ ఒక చెయ్యి ఎత్తబోయి, మాస్టారు చూస్తున్నారని మళ్లీ హ్యాండిలు మీదే పెట్టుకుంది. బండి పదహారో మలుపు వైపు నెమ్మదిగా దిగిపోతోంది.

మాస్టారు సన్నిబాబు భుజం మీద చెయ్యి వేశారు.

"ఘాటులో ఒక్కసారీ పడనివాళ్ల పేరు ఎక్కడ రాస్తారని అడిగావు కదా," అన్నారు. "అదిగో, నీ పేరు చదువుకుని దిగి వెళ్తోంది చూడు."