సెట్టి గుండెల మీద తాబేలు

గంజి ముప్పక్కకు అన్యాయం జరిగింది. ఎప్పుడంటే, మల్లన్న కొండకు ఇంకా మెట్లు లేని కాలంలో.

అనగనగా ఒక అడవి. అడవిలో ఒక బాట. బాట పక్కన ఒక ఆరోగ్యశాల. శివరాత్రికి కొండెక్కే జనం కాళ్ళు పుండ్లయ్యో, జ్వరమొచ్చో, కడుపు చెడిపోయో అక్కడ పడేవారు. కన్నడంవాళ్ళు, మరాఠీవాళ్ళు, అరవంవాళ్ళు. మందు నూరేది దోనయ్య అనే వైద్యుడు. ఆ మందు తాగించేది, గంజి పోసేది, చాపలు కడిగేది ముప్పక్క. దోనయ్యకు తెలుగూ సంస్కృతమూ వచ్చు. ముప్పక్కకు తెలుగొక్కటే వచ్చు. రోగులకు రెండూ రావు.

అందుకని ముప్పక్క ఒక పని చేసింది. ప్రతి చాప పైనా గోడమీద ఎర్రటి జేగురుమట్టితో ఒక బొమ్మ గీసింది. ఒకచోట తాబేలు, ఒకచోట నెమలి, ఒకచోట గుమ్మడికాయ. మందు పిడతల మీదా అవే బొమ్మలు. తాబేలు కింద పడుకున్నవాడికి తాబేలు పిడత. బయటికెళ్ళి వచ్చిన రోగి తన బొమ్మ వెతుక్కుని తన చాపకే చేరేవాడు. గోడమీద ఏదో పిడత మీద అదే. పిడత మీద ఏదో కడుపులోకి అదే.

ఒక ఏడు ఒక వర్తకుడికి, ఒకానొక సెట్టికి, పుణ్యం కావాల్సి వచ్చింది. చిత్రకారుల్ని వెంటేసుకుని వచ్చాడు. గోడలకు సున్నం వేయించాడు. ఒక గోడంతా శివపార్వతుల కల్యాణం రాయించాడు. బాగుంది, కాదనకూడదు. ఆ తర్వాత ప్రతి చాప పైనా తన బొమ్మే రాయించాడు. చేతులు జోడించిన సెట్టి, పక్కన నంది. అన్నిచోట్లా అదే సెట్టి, అదే నంది.

ముప్పక్క చిత్రకారుడి దగ్గరికి పోయింది. "తాబేలొక్కటన్నా మళ్ళీ వెయ్యి నాయనా."

"నాకు కూలిచ్చేది తాబేలా?" అన్నాడు.

దోనయ్య దగ్గరికి పోయింది. "మీరన్నా చెప్పండయ్యా."

"ఊరుకో ముప్పక్కా. దీపాల్లో నూనె ఎవరిదనుకున్నావు?" అన్నాడు.

సెట్టి దగ్గరికే పోయింది.

"తాబేళ్ళు, గుమ్మడికాయలు! ఇది ఆరోగ్యశాలా, సంతా?" అన్నాడు సెట్టి.

"సంతలోనైనా సరుకు చూసి అమ్ముతారు సెట్టిగారూ. ఇందరు సెట్లలో ఏ సెట్టికి భేదిమందు పొయ్యాలో మీరే చెప్పండి."

చిత్రకారులు కిసుక్కుమన్నారు. సెట్టి మొహం మాడింది.

శివరాత్రి జనం వచ్చారు. ముప్పక్క మొహాలు గుర్తుపెట్టుకుంది. ఎందరివని పెట్టుకుంటుంది? ఆమె నీళ్ళకు వాగుకెళ్ళింది. ఈలోగా చలిగాలి తిరిగింది. కన్నడదేశపు ముసలాయన ఒకడు, విరేచనాలతో పడున్నవాడు, పాక్కుంటూ, పొయ్యి దగ్గర ఎవరో బయటికెళ్ళగా ఖాళీ అయిన చాప మీదికి చేరి ముసుగు తన్నాడు. వెనక్కి పొమ్మని చెప్పే తాబేలు గోడమీద లేదు. ముప్పక్క వచ్చింది. పొయ్యి దగ్గర చాప, దాని మీద ముసుగు, దాని పైన సెట్టి. ఆ చాపవాడి మందు తెచ్చి నోట్లో పోసింది. అది భేదిమందు, కడుపు కట్టినవాడికి పోసేది. పొద్దువాలేసరికి ముసలాయన పోయాడు.

"దాని చెయ్యి మంచిది కాదు" అన్నాడు సెట్టి. దోనయ్య నోరు విప్పలేదు. వెయ్యి శ్లోకాలొచ్చిన నోరది, ఆ పూట ఒక్క మాట రాలేదు. ముసలాయన భార్య గౌరవ్వ మాత్రం ముప్పక్క చెయ్యి పట్టుకుని "అవళల్ల, అవళల్ల" అని ఏడ్చింది. ఆమె కాదు, ఆమె కాదు అని. మొగుడు పోయి ముసలిది కలవరిస్తోందనుకున్నారు.

ముప్పక్కను వెళ్ళిపొమ్మన్నారు. వెళ్ళేముందు జేగురూ తుమ్మబంకా కలిపింది. సెట్టి గుండెల మీద తాబేలు గీసింది. ఇంకో సెట్టి నెత్తిన గుమ్మడికాయ పెట్టింది. నెమలిని నంది మీదెక్కించింది. ఎవరి పిడత వాళ్ళ తలదగ్గర పెట్టింది. అప్పుడు సెట్టి మనుషులు ఆమెను రెక్కపట్టి గెంటారు. ఆ శివరాత్రికి మరొకరు చావలేదు.

సెట్టి మనుషులు ఆ బొమ్మల మీద సున్నం కొట్టారు. ఆరగానే తాబేలు తేలింది. మళ్ళీ కొట్టారు. నెమలి తేలింది. మూడోసారి కొడితే గుమ్మడికాయతో సహా అన్నీ తేలాయి. జనం మహత్యమన్నారు. మహత్యం కాదు, తుమ్మబంక. జనం వింటేగా!

ముప్పక్క అడవిలో చెంచుగూడెం చేరింది. ఆ వానాకాలమే జ్వరంతో పోయింది. ఆరోగ్యశాల నుంచి ఒక పిడత మందైనా పోలేదు.

మరుసటి ఏడు గౌరవ్వ తిరిగొచ్చింది. ఈసారి తెలుగొచ్చిన గాజులమ్మే మనిషిని వెంటబెట్టుకొచ్చింది. ముప్పక్క ఏదని అడిగింది. చెప్పారు. అక్కడే కూలబడింది. లేచి, గాజులాయన నోటితో అందరి ముందూ అడిగించింది. "మా ఆయన పొయ్యి దగ్గరికి పాకడం నేను చూశాను. నా మాట మీకెవరికీ అర్థం కాలేదు. ఆయన చాపేదో ఆయనకు చెప్పే బొమ్మను చెరిపింది ఎవరు?"

అందరూ దోనయ్య వైపు చూశారు. "సెట్టి చెరిపాడు. నేను చూస్తూ ఊరుకున్నాను" అన్నాడు దోనయ్య. ఏడాది ఆలస్యంగా.

మల్లన్నకు మొక్కుకున్న వెండి నాగపడగను గౌరవ్వ కొండెక్కించలేదు. శిల్పి చేతిలో పెట్టింది. "దేవుడు ఆగుతాడులే" అంది. ఆరోగ్యశాల గుమ్మం పక్కన రాయి నిలబెట్టించింది.

ఇప్పటికీ ఆ బాటన పోయేవాళ్ళు పడుకునే ముందు తలాపున జేగురుతో ఏదో ఒక బొమ్మ గీస్తారు. ఆ చుట్టుపక్కల తల్లులు మందు సీసా మీద కాటుకతో పిట్టనో చేపనో దిద్ది, "ముప్పక్క చూసి పోస్తోంది, తాగు" అంటారు పిల్లలతో. సెట్టి పేరు అడిగితే ఎవరూ చెప్పలేరు.

రాయి మీద పైన తాబేలుంది. దాని కింద ఇంతే ఉంది: మా మనిషిని ముప్పక్క చంపలేదు. శకవర్షంబులు 1232, సాధారణ సంవత్సర మాఘ బహుళ చతుర్దశి.