పోలమ్మ వదిలిన జానెడు

అనగనగనగా, మీ తాతల తాతలకి ఇంకా పాలపళ్ళు ఊడని కాలంలో, సముద్రం పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక పెద్ద మైదానం. ఆ మైదానానికి సున్నం గీతలు గీసే మనిషి పోలమ్మ.

పోలమ్మకి ఒక తట్ట, ఒక సున్నం డబ్బా, రెండు చేతులు. ఆస్తి అంతే. ఆమె వంగి గీత గీసిందంటే దారం పట్టి చూసినా వంక దొరికేది కాదు. అక్కడ హాకీ ఆడేవారు. ఆడేది మగవాళ్ళు, చూసేది మగవాళ్ళు, ఈల ఊదేది మగవాడు. గీత గీసేది మాత్రం పోలమ్మ. చిన్నప్పుడు ఆమె తాటిమట్టతో బంతిని కొడితే వీధి చివరిదాకా పోయేది. "ఆడపిల్లకి ఇదేం ఆట?" అని ఇంట్లోవాళ్ళు ఆ మట్టని పొయ్యిలో పెట్టేశారు. ఆ కోపం పోలమ్మకి ముసలితనం వచ్చినా తగ్గలేదు.

అలాంటిది ఒక ఏడాది, ఊరి పెద్దలకి ఏ మూల నుంచి బుద్ధి పుట్టిందో గానీ, ఆరు దేశాల ఆడపిల్లలకి హాకీ పోటీ పెడుతున్నామని దండోరా వేయించారు. పోలమ్మ ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తింది.

ఆరు దేశాల పిల్లలూ వచ్చేశారు. ట్రంకు పెట్టెలు, కర్రలు, జడలు, ఇకఇకలు, పకపకలు. ఏ భాషలో మాట్లాడుకున్నారని అడక్కండి, నా కథలో అందరికీ తెలుగు వచ్చు.

ఇంతలో ప్రభువులకి అలక వచ్చింది. ఒక ప్రభువు ఏటి నీళ్ళ దగ్గర పక్క దేశంతో తగువు పడి, "వాళ్ళ పిల్లలున్న చోట మా పిల్లలు ఆడరు" అన్నాడు. రెండో ప్రభువు మొదటాయనకి భయపడి అదే మాట అన్నాడు. మూడో ప్రభువు, ఇద్దరన్నారు కదా అని తనూ అనేశాడు. ముగ్గురూ కలిసి ఒక రాయబారి చేత తాఖీదు పంపారు: "గీత గీసిన మైదానంలో మా ఆడపిల్లలు అడుగు పెట్టరాదు."

రాయబారి ఆ తాఖీదుని ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, మూడుసార్లు చదివాడు. మూడు జట్ల పిల్లలూ మైదానం బయట పెట్టెల మీద కూర్చుని ముక్కులు ఎగబీల్చారు. "ఆరు జట్లూ ఆడకపోతే పోటీ రద్దు. ఈసారి రద్దయితే ఈ ఊళ్ళో ఆడపిల్లల ఆట ఇంకెప్పుడూ ఉండదు" అన్నారు ఊరి పెద్దలు. పోలమ్మ ఆ పూట ముద్ద ముట్టలేదు.

మర్నాడు తెల్లవారగానే ఆమె గీత మొదలుపెట్టింది. చెయ్యి గీస్తూనే ఉంది, బుర్ర తాఖీదులో మాటల్ని తిప్పుతూనే ఉంది.

ఈలాయన వచ్చాడు. ఈల ఊదేది ఆయనే. "పోలమ్మా, గీత అయిందా?"

"అవ్వనేదు బాబూ. సున్నం తడిసిపోనాది."

కాసేపటికి మళ్ళీ వచ్చాడు. "పోలమ్మా, గీత అయిందా?"

"అవ్వనేదు బాబూ. గాలికి ఎగిరిపోనాది."

మూడోసారి వచ్చాడు. "పోలమ్మా, గీత అయిందా?"

"అవ్వనేదు బాబూ."

"ఇప్పుడేం వచ్చింది?"

"ఏటీ రానేదు. నానే ఆపీసినాను."

ఈలాయన చూశాడు. గీత మైదానమంతా చుట్టి వచ్చి, మొదలైన చోటికి సరిగ్గా జానెడు దూరంలో ఆగిపోయింది.

పోలమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచి, పెట్టెల మీదున్న పిల్లల్ని కేకేసింది. "రండమ్మా! గీత గీసిన మైదానంలోకి రావొద్దన్నారు మీవోళ్ళు. గీత అవ్వకుండా మైదానమేటి? ఇది ఉత్త నేల. ఉత్త నేల మీద ఆడుకుంటే ఆపేవోడెవుడు?"

పొడుగు జడ పిల్ల ఒకతి లేచింది. "మా ప్రభువు ఊరుకుంటాడా అవ్వా?"

"మీ పెబువు రాసిన మాటే కదా తల్లీ నాను సెప్పినాను!"

రాయబారి ఉరికి వచ్చాడు. గీత వెంబడి మైదానం చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. ఆ జానెడు దగ్గర ఆగి కాగితాన్ని మళ్ళీ మూడుసార్లు చదివాడు. బుర్ర గోక్కుని, "మీరు చెప్పండి, ఇది మైదానమా, కాదా?" అని ఈలాయన్ని అడిగాడు.

అందరూ ఈలాయన వైపే చూశారు. ఆయన మహా చండశాసనుడు. ఇరవై ఏళ్ళలో నవ్వడం ఎవరూ చూడలేదు. నేల మీద కూర్చుని, చెయ్యి చాపి, ఖాళీని కొలిచాడు.

"గీత కలవలేదు. కలవనిది మైదానం కాదు" అన్నాడు.

"మరి మైదానం లేకుండా పోటీ ఏమిటి?"

"పోటీ మైదానంలోనే పెట్టాలని నా పుస్తకంలో ఎక్కడా లేదు" అని ఈల నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదాడు.

పిల్లలు బిలబిలమంటూ ఆ జానెడు సందులోంచే, ఒక్కొక్క పాదం పెట్టుకుంటూ లోపలికి వచ్చారు. మూడు రోజులు ఆడారు. మూడో రోజుకి రాయబారి కూడా ట్రంకు పెట్టె ఎక్కి, "కొట్టు తల్లీ, కొట్టు!" అని అరిచాడట. గెలిచింది మేమేనని ఆరు దేశాల్లోనూ చెప్పుకుంటారు. ఆఖరి రోజు పొడుగు జడ పిల్ల తన కర్రని పోలమ్మ చేతిలో పెట్టింది. పోలమ్మ కొంగు బిగించి ఒక్క దెబ్బ కొట్టింది. ఆ బంతి ఇంకా దొరకలేదు.

చాలా ఏళ్ళకి పోలమ్మ పోయింది. ఆ ఏడు పోటీకి కొత్తమనిషి గీత గీశాడు. చక్కగా చివర్లు కలిపేశాడు. ఆరు జట్ల పిల్లలూ వచ్చి బయటే నిలబడ్డారు. ఎవరూ అలగలేదు, ఎవరూ అరవలేదు, ఒక్కరూ అడుగు మాత్రం వెయ్యలేదు. ముసలి ఈలాయన కర్ర పోటేసుకుంటూ వచ్చి, వంగలేక వంగి, తన అరచేత్తో గీతని జానెడు మేర చెరిపేశాడు. ఆయన కళ్ళు తుడుచుకుంటే ముఖమంతా సున్నమైంది. అప్పుడు వచ్చారు పిల్లలు లోపలికి.

ఇవాళ్టికీ అక్కడ గీతలో జానెడు వదులుతారు. దాన్ని పోలమ్మ వాకిలి అంటారు. ఎవరెంత పోట్లాడుకున్నా ఆ వాకిలి మాత్రం ముయ్యరు. ఊళ్ళో పిల్లలు పేచీ పడి, "నీతో పచ్చి!" అని మొహం తిప్పుకుంటే, పెద్దవాళ్ళు అడిగేది ఒకటే: "పోలమ్మకి జానెడు వదిలావా, లేదా?"

కథ ఇంతవరకే. చివర్లు నేనూ కలపలేదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ సందులోంచి వచ్చి కూర్చోండి.